రెండొందల పన్నెండు సార్లు వచ్చిన ముసలిది

ఆగస్టు 6

పిచ్చుకా,

మీ పెద్దమ్మ చెబుతోంది, మా సందు చివరి దర్జీ రాస్తున్నాడు. నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను. మర్యాద మాటలు సొంతంగా కలిపితే ఆ కుట్టుమిషను ముందు నుంచి లేవనివ్వనని చెప్పాను. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో మాట గాలికి పోతుంది. కాగితమైతే మీ ఆఫీసులో ఎక్కడో ఒక ఫైల్లో పడి ఉంటుంది.

సంగతేమిటంటే, మా వాడలో నీళ్ల ట్యాంకు పక్కన రెండు గదుల ఆస్పత్రి ఉంది. నువ్వు చూడలేదులే, నువ్వు వచ్చి వెళ్ళాక పెట్టారు. ఒక గదిలో డాక్టరు, ఇంకో గదిలో మందులు. బయట ఒక బల్ల. దానికి ఒక కాలు పొట్టి, కింద ఇటుక పెట్టారు. పొద్దున తొమ్మిదికి తెరిచి పన్నెండుకి మూస్తారు. నిన్న ఆ తలుపుకి కాగితం అంటించారు. దర్జీ చదివి చెప్పాడు. అక్టోబరు ఆఖరుకి మూసేస్తారట. "ఈ ప్రాంత ప్రజలకు తమ ఆరోగ్యం పట్ల శ్రద్ధ లేదు, కేంద్రాన్ని వినియోగించుకోవడం లేదు" అని కారణం రాశారట. ఇక మీదట ఎవరికేమొచ్చినా పెద్దాస్పత్రికే పోవాలి. రెండు బస్సులు మారి, వంతెన దాటి, అక్కడ టోకెను కోసం తెల్లారినప్పటి నుంచి నిలబడాలి.

శ్రద్ధ లేదట! ఆ మాట రాసిన చెయ్యి ఎవరిదో నాకు తెలియాలి. నువ్వు ఆరోగ్యశాఖ లెక్కల గదిలోనే కదా కూర్చునేది. కనుక్కుని రాయి. మీ అమ్మ పోయాక నాలుగేళ్ళు నా పక్కలో పడుకున్నావు. అప్పటి నుంచి ఇప్పటి దాకా నిన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మూయనివ్వకు.

ఎండలో తిరగకు. వేళకి తిను.

నీ పెద్దమ్మ, వేలిముద్ర


ఆగస్టు 19

పెద్దమ్మకి,

నీ ఉత్తరం ఆఫీసు చిరునామాకి వచ్చింది. మా సూపరింటెండెంటు విప్పి, వేలిముద్ర చూసి, ఏదో ఫిర్యాదనుకుని నంబరు వేసేశాడు. నువ్వు కోరుకున్నట్టే ఫైల్లో పడింది.

ఉన్నమాట చెప్తాను, కోప్పడకు. మీ వాడ లెక్కలు తీసి చూశాను. పదహారు వందల ఇళ్ళు. ఏడాది మొత్తానికి ఆస్పత్రి గడప తొక్కినవాళ్ళు ముప్పై తొమ్మిది మంది. అందులో ముప్పై ఎనిమిది మంది ఒకటి రెండు సార్లే వచ్చారు. మిగిలిన ఒక్క కార్డు మీద మాత్రం రెండొందల పన్నెండు సార్లు! మాకు పేర్లు రావు. కార్డు నంబరు, వయసు, ఆడా మగా, బాధ ఏమిటి, అంతే వస్తాయి. డెబ్భై దాటిన ఆడమనిషి. మా గదిలో దాన్ని "ఒంటి ముసలమ్మ ఆస్పత్రి" అంటారు. ఇంట్లో పలకరించే దిక్కు లేక, డాక్టరుతో రెండు మాటలు మాట్లాడిపోవడానికి వస్తుందని అందరి అనుమానం. ఆ ఒక్కావిడ కోసం డాక్టర్ని, నర్సుని ఎలా ఉంచుతారు చెప్పు?

ఆవిడెవరో నీకు తెలిసే ఉంటుంది. వీలైనప్పుడు వెళ్ళి పలకరిస్తూ ఉండు, పాపం. నువ్వు ఈ వయసులోనూ ఒంట్లో ఏ నలతా లేకుండా తిరుగుతున్నావు, నాకు అదే ధైర్యం.

నీ పిచ్చుక


ఆగస్టు 28

పిచ్చుకా,

పలకరించాను. అద్దం ముందు నిలబడి మరీ పలకరించాను. ఆ ముసలిది నేనే.

దర్జీ నీ ఉత్తరం చదువుతూ "ఒంటి ముసలమ్మ" దగ్గర ఆగి, సూది కింద పడిందని బల్ల కిందికి దూరాడు. సూదీ లేదు, గీదీ లేదు. అక్కడ కూర్చుని నవ్వుకున్నాడు. లేవమని కర్రతో పొడిచాను.

అవును, వెళ్ళాను. రెండొందల పన్నెండు సార్లు. పని ఉంటేనే వెళ్ళాను, ఒక్కసారి కూడా ఊసుపోక వెళ్ళలేదు. నాకు పలకరించే దిక్కు లేదని ఏ మహానుభావుడన్నాడో, ఒకసారి మా సందులోకి రమ్మను. ఇక్కడ పలకరింపులు తప్పించుకుని పంపు దాకా వెళ్ళడమే కష్టం.

వివరంగా చెప్పమని దర్జీ గొణుగుతున్నాడు. ఎందుకు చెప్పాలి? నా చేతుల్లో పెరిగిన పిల్లకి, పెద్దమ్మ ఎందుకు తిరుగుతుందో వేరే చెప్పాలా?

గోడ అవతల ఇస్త్రీ అతను ఈ వారం బొగ్గుల పెట్టెని రెండు చేతులతో ఎత్తుతున్నాడు. దగ్గు తగ్గలేదు. గుండెల్లో ఏమీ లేదని మార్చిలోనే తేలింది, నేనే దగ్గరుండి తేల్చాను. అయినా చొక్కా మనిషి మీద కాక కొక్కేనికి వేలాడుతున్నట్టుంది. ఆస్పత్రి మూసేస్తే అతనికి సిరప్పు ఎక్కడి నుంచి తేను?

రాసింది ఎవరో నువ్వింకా చెప్పలేదు. మర్చిపోయాననుకోకు.

పెద్దమ్మ, వేలిముద్ర


సెప్టెంబరు 9

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి, మళ్ళీ రిజిస్టరు తెప్పించి, ఆ కార్డు మీద రాసిన బాధలన్నీ వరసగా చదివాను. నడుము నొప్పి. తలపోటు. కడుపులో మంట. కళ్ళు తిరగడం. మోచేతుల దాకా దురద. పంటి పోటు. మళ్ళీ నడుము. మార్చిలో దగ్గు, మూడు సార్లు, ఆ పైన పెద్దాస్పత్రిలో ఛాతీ ఎక్స్‌రే. ఇన్ని మోస్తూ నాకు ఒక్క మాట చెప్పలేదేం? ఫోన్ చేసిన ప్రతిసారీ "నాకేం, రాయిలా ఉన్నాను" అనేదానివి. నేను నమ్మేదాన్ని. నమ్మడం నాకు సుఖంగా ఉండేది కాబట్టి నమ్మాను.

ఇక్కడి ఆస్పత్రిలో మాట్లాడాను. నువ్వు వస్తే వెంటనే చేర్చుకుంటారు. నా గదిలోనే ఉందువుగాని. మీ వాడ ఆస్పత్రి సంగతి ఇక వదిలెయ్, నీ సంగతి నేను చూసుకుంటాను.

ఇంకొకటి. నువ్వు అడిగిన చెయ్యి నాదే. ఆ కాగితం మీద రెండు వాక్యాలూ నేను రాసినవే. మీ వాడ అని తెలుసు. అంకెలు చూస్తే అలాగే కనిపించింది, రాశాను. ఆ ఒక్క కార్డు నీదని తెలియదు.

కోపం తగ్గాక బయల్దేరు.

నీ పిచ్చుక


సెప్టెంబరు 20

నీకు పిలుపు లేదు ఈ ఉత్తరంలో.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకో. నాకు ఏ రోగమూ లేదు. ఎడమ మోకాలు ఒకటి కిందికి దిగేటప్పుడు కలుక్కుమంటుంది. దాని గురించి ఒక్కసారి కూడా ఆ ఆస్పత్రికి వెళ్ళలేదు. ఆ రెండొందల పన్నెండూ నావి కావు, వాడవి.

తొమ్మిదికి తెరిచి పన్నెండుకి మూస్తారని మొదటి ఉత్తరంలోనే రాయించాను. ఇక్కడి ఆడవాళ్ళు ఆరింటికల్లా ఇళ్ళలో పనికి పోయి రెండింటికి వస్తారు. కుట్టు ఫ్యాక్టరీ పిల్లలు ఎనిమిదికి లోపలికి పోతే చీకటి పడ్డాకే బయటికి. ఇస్త్రీ అతను ఆఫీసులకి పోయేవాళ్ళ బట్టలు పొద్దున్నే ఇచ్చి రావాలి, రగిలిన బొగ్గు వదిలి కదలలేడు. ఆ మూడు గంటలు ఈ వాడలో మిగిలేది చంటిపిల్లలూ, కుక్కలూ, నేనూ.

మొదట నిజమే చెప్పాను. పక్కింటి పిల్లకి నడుము పట్టేసింది, రాలేదు, మందివ్వండి అన్నాను. ఎవరికి నొప్పో వాళ్ళే రావాలన్నాడు మందులిచ్చే అతను. బయటికొచ్చి, బల్ల మీద కాసేపు కూర్చుని, మళ్ళీ లోపలికి వెళ్ళి "అయితే నాకే ఉంది" అన్నాను. వంగి నడిచాను. ఇచ్చాడు! అంతే, అప్పటి నుంచి అదే పద్ధతి. సాయంత్రం ఎవరికేముందో అడిగి తెలుసుకుంటాను. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుంది, తిన్నాక ఎక్కువా, తినకముందా, అన్నీ. పొద్దున పోయి ఆ నొప్పి నేను పడతాను. డాక్టర్లు వారానికొకరు మారతారు, ఎవరికీ నా మొహం గుర్తుండదు. నర్సమ్మ తెలిసీ చూడనట్టుంటుంది. జ్వరం ఒక్కటే చేతకాలేదు, థర్మామీటరు నా మాట వినదు. వాడంతా నన్ను డాక్టరమ్మా అని పిలుస్తారు. వేళాకోళానికే అంటారులే, కానీ పిలుస్తారు.

ఇస్త్రీ అతని దగ్గు నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. పొడిగా మొదలై, చివర తాడు తెగినట్టు ఆగుతుంది. నేను దగ్గితే డాక్టరు కుర్చీలోంచి లేచాడు. ఎక్స్‌రే తీయించుకోమని చీటీ రాశాడు. రెండు బస్సులెక్కి పోయి, టోకెను తీసుకుని, చల్లటి పలకకి గుండెలానించి తీయించుకుని వచ్చాను. "ఏమీ లేదు, శుభ్రంగా ఉంది" అన్నారు. ఆ రోజు సందు మొదటి నుంచే అరుచుకుంటూ వచ్చాను, నీ గుండెల్లో ఏమీ లేదురా అని. అతని పెళ్ళాం నాకు మంచినీళ్ళిచ్చి, కాళ్ళ దగ్గర కూర్చుంది.

ఇప్పుడు నెత్తురు పడుతోందట. వచ్చే వారం పెద్దాస్పత్రికి తీసుకుపోతున్నారు. మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టకుండా, ఆ ఎక్స్‌రే కవరు కూడా ఇచ్చి పంపుతున్నాను.

ఇక నీ సంగతి. నన్ను ఒక్కదాన్నే తీసుకుపోయి చూసుకుంటావా? పదహారు వందల ఇళ్ళ తలుపు మూసి, నాకు మాత్రం కిటికీ తెరుస్తావా? నేను రాను. రాసిన చేత్తోనే కొట్టెయ్యి.

వేలిముద్ర


సెప్టెంబరు 27

పెద్దమ్మా,

కోపం తర్వాత. ఆ ఎక్స్‌రే నీది. నీ గుండెలది. అతనిది కాదు. అతన్ని ఎవరూ చూడనే లేదు. వాళ్ళు ఇంకా వెళ్ళకపోతే ఆ కవరు తీసేసుకో, ఆ కవరు చూసి ఎవరైనా వెనక్కి పంపేస్తారేమోనని భయంగా ఉంది. నెత్తురు పడుతోందని మాత్రం తప్పకుండా చెప్పమను. దర్జీకి ఆరుసార్లు ఫోన్ చేశాను, ఎత్తడం లేదు.

పిచ్చుక


అక్టోబరు 1

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

అక్కడి డాక్టరు ఫిల్మును వెలుగుకి పెట్టి చూసి, ఇది ఎవరిదమ్మా అని అడిగాడట. మా ఆయనదే అందట అతని పెళ్ళాం. కాదు, ఇది ఆడమనిషిది, అదీ ముసలామెది అన్నాడట. మళ్ళీ తీశారు. రెండు పక్కలా క్షయ. అతన్ని అక్కడే చేర్చుకున్నారు. మార్చిలో వచ్చి ఉంటే ఆర్నెల్ల మందుతో లేచి తిరిగేవాడన్నాడట.

ఆమె ఆ కవరు తెచ్చి నా గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

నీకు తోచింది నాకు తోచలేదు. అతని దగ్గు నేను దగ్గాను కదా, అతని గుండె నాలో కనబడుతుందనుకున్నానేమో. ఏమనుకున్నానో కూడా ఇప్పుడు తెలియడం లేదు. నడుముకిచ్చిన మాత్ర నడుముకి పనిచేసింది, కడుపుకిచ్చింది కడుపుకి పనిచేసింది. అదే ధీమా.

శ్రద్ధ లేదని నువ్వు రాసింది అబద్ధం. ఏమీ లేదని నేను అరిచిందీ అబద్ధమే. నువ్వు మనుషుల్ని చూడకుండా రాశావు. నేను రోజూ చూస్తూనే అరిచాను. నాదే పెద్దది.

దర్జీ రాయడం ఆపి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఇక్కడికి చాలు.

పెద్దమ్మ, వేలిముద్ర


అక్టోబరు 9

పెద్దమ్మా,

ఓదార్చే మాట రాస్తే నువ్వే చింపేస్తావు. కాబట్టి పని మాటే రాస్తాను.

మూసివేత ఉత్తర్వు మీద అభ్యంతరం చెప్పడానికి ఈ నెలాఖరు దాకా గడువుంది. రిజిస్టరు ప్రకారం వచ్చింది ఒక్క మనిషి. అది ఒక్క మనిషి కాదని రుజువు కావాలి. ఆ రెండొందల పన్నెండు రోజుల్లో ఏ రోజు ఎవరి కోసం వెళ్ళావో నీకు గుర్తుందా? తారీఖులు నర్సు దగ్గర ఉంటాయి. ఎవరి బాధ అయితే వాళ్ళు పక్కన సంతకమో ముద్రో వేయాలి.

ఇందులో చిక్కుంది, దాచను. అబద్ధం చెప్పి మందులు తీసుకున్నానని నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది. నీ కార్డు రద్దు చేయొచ్చు. ఇస్త్రీ అతని సంగతి కూడా రాయాల్సి వస్తుంది. అది రాయకుండా మిగతావి రాయడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ మూడు రోజులూ రిజిస్టర్లో ఉన్నాయి.

నువ్వు రాయిస్తే దాని కింద నా కాగితం కూడా పెడతాను. ఆ ఆస్పత్రిని ఒక్కసారీ చూడకుండా ఆ వాక్యం రాసింది నేనేనని.

నువ్వు వద్దంటే మళ్ళీ అడగను.

పిచ్చుక


అక్టోబరు 23

ఆరోగ్యశాఖ పెద్ద అధికారి గారికి, వాడలో ఉండే ముసలిది చెప్పి రాయించింది. పిచ్చుకా, ఇది నీ చేత్తో ఇవ్వు.

అయ్యా, జాబితా వేరే కాగితాల మీద ఉంది. నాలుగు రోజులు పట్టింది. మధ్యాహ్నం ఆస్పత్రి మూశాక నర్సమ్మ రిజిస్టరు పట్టుకొచ్చి తారీఖు, బాధ చదివేది. నేను మనిషిని చెప్పేదాన్ని. దర్జీ రాసేవాడు. ఏప్రిల్ పదకొండు, నడుము: ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టే పిల్ల, తొమ్మిది గంటలు నిలబడే పని. జూన్ మూడు, దురద: సబ్బునీళ్ళలో ముగ్గురి ఇళ్ళ గిన్నెలు తోమే ఆమె. జూన్ నాలుగూ ఆమే, ముందు రోజిచ్చిన మందు పడలేదు. నాకు అక్షరం రాదు, అయ్యా. మనుషులు వచ్చు. ఒక్కటి కూడా తడబడలేదు. సాయంత్రం పనుల నుంచి వచ్చాక ఎవరి వరస దగ్గర వాళ్ళు ముద్ర వేశారు. లెక్కపెడితే నూట నలభై ఒక్క మంది. వీళ్ళకి ఆరోగ్యం మీద శ్రద్ధ లేదని మీ కాగితం అంటుంది. తన నొప్పి ఎక్కడుందో, ఎలా ఉందో, ఇంకొకరు మోసుకుపోయి చెప్పగలిగేంత వివరంగా చెప్పుకున్న మనుషులు వీళ్ళు.

మూడో రోజు మధ్యాహ్నం రాస్తూ ఉండగానే గోడ అవతల ఏడుపు లేచింది. పెద్దాస్పత్రి నుంచి కబురొచ్చింది. ఇస్త్రీ అతను పోయాడు. ఆ రోజు ఇక రాయలేదు. సందులో ఎవరూ పొయ్యి వెలిగించలేదు.

నాలుగో రోజుకి రెండొందల తొమ్మిది అయ్యాయి. మార్చి దగ్గులు మూడూ మిగిలాయి. అవి అతనివి. ముద్ర వేయడానికి అతను లేడు. అతని భార్యని అడిగే మొహం నాకు లేదు. ఆ మూడింటి పక్కనా నా ముద్రే వేశాను. అతని బదులు నేను దగ్గి, నా గుండెలు చూపించి, నీకేమీ లేదని చెప్పి అతన్ని ఇంట్లో కూర్చోబెట్టాను. దానికి ఏ శిక్ష రాసుకుంటారో రాసుకోండి, నేను ఎక్కడికీ పోను.

కానీ ఒక్కటి అడుగుతాను, జవాబు చెప్పండి. రెండింటికి ఇంటికొచ్చే మనిషి పన్నెండుకి మూసే తలుపులోంచి ఎలా రావాలి? నేను అబద్ధం ఆడకపోతే మీ రిజిస్టర్లో ముప్పై ఎనిమిది మందే ఉండేవారు, మీరు ఇంకా ముందే మూసేసేవారు. నేను ఆడాను కాబట్టి ఒక మనిషి పోయాడు. ఈ రెండు దార్లే ఉంచారు మాకు. మూడోది మీ చేతిలో ఉంది. సాయంత్రం తెరవండి.

వేలిముద్ర


నవంబరు 20

పెద్దమ్మా,

ఉత్తర్వు ఆపారు. ఆరు నెలలు చూస్తారట. వచ్చే నెల ఒకటి నుంచి సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా తెరుస్తారు, ఒక్కరే డాక్టరు, ఆరు నెలలూ ఆయనే. దగ్గు ఉన్నవాళ్ళందరికీ, ఇస్త్రీ అతని ఇంటివాళ్ళకి ముందుగా, అక్కడే కఫం పరీక్ష చేస్తారు. నీ పాత కార్డు రద్దయింది. కొత్తది ఇస్తారు, దాని మీద నీ బాధ తప్ప రాయకూడదని ఎర్ర సిరాతో రాశారు.

అధికారి నీ కాగితం మొత్తం చదివారు. నా కాగితం కూడా. నన్ను లెక్కల గది నుంచి తీసి, వాడల్లో తిరిగి చూసే పనిలో వేశారు. శిక్షలా ఇచ్చారు. నేను అలా తీసుకోలేదు. చెప్పులు కొనుక్కున్నాను.

మీ వాడకి ఎప్పుడు పంపుతారో తెలియదు. పంపితే నీ ఇంటికి ముందు రాను, గోడ అవతలి ఇంటికి వెళ్ళి వస్తాను.

పిచ్చుక


డిసెంబరు 4

పిచ్చుకా,

మొదటి రోజు సాయంత్రం నాలుగింటికే బల్ల దగ్గరికి వెళ్ళాను. ఇటుక తీసి, దర్జీ చేత చెక్కముక్క కొట్టించాను. అయిదు దాటేసరికి లైను ట్యాంకు చుట్టూ తిరిగింది. చీకటి పడ్డాక ఫ్యాక్టరీ పిల్లలు దారాలు అంటుకున్న బట్టలతోనే వచ్చారు. ఎన్నాళ్ళో నేను మోసిన నొప్పులు కాళ్ళొచ్చి నిలబడినట్టుంది. కొందరు అలవాటుగా నా వైపు చూసి "డాక్టరమ్మా, నువ్వే చెప్పవూ" అన్నారు. నోరు మూసుకుని లైన్లో నిలబడమన్నాను.

నా ముందు ఇస్త్రీ అతని పెళ్ళాం ఉంది. కఫం ఇవ్వడానికి వచ్చింది. ఆ కవరు రోజు తర్వాత నాతో మాట్లాడలేదు. తలుపు దగ్గర నర్సమ్మ, ఎన్నాళ్ళ నుంచి దగ్గు అని అడిగింది. ఆమె తడుముకుంది. నాకు తెలుసు, గోడ అవతల నుంచి వింటూనే ఉన్నాను, ఇరవై రోజులు. నోటి దాకా వచ్చింది. ఒక అడుగు ముందుకి వేశాను కూడా.

ఆమె వెనక్కి తిరగకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు ఉండు. నాది నేను చెప్పుకుంటా" అంది.

చెప్పుకుంది. ఇరవై రోజులని సరిగ్గానే చెప్పింది.

తర్వాత నా వంతు. డాక్టరు కుర్రవాడే, నీ ఈడు ఉంటాడు. కొత్త కార్డు చూశాడు, ఎర్ర సిరా చూశాడు. చెవులకి గొట్టం పెట్టుకుని నా వీపు మీద ఆనించి, "దగ్గమ్మా" అన్నాడు.

"నాకు దగ్గు లేదయ్యా" అన్నాను. "నాది మోకాలు."

పెద్దమ్మ, వేలిముద్ర